గోస్తనీ మొగకు ఎగువన జమ్ము పొదల్లో ఒండ్రు ఎలా పేరుకుంటుంది?

ప్రశ్న: భీమిలి మాస్టారు

అందరికీ నమస్కారం. నేను భీమునిపట్నంలో ఉంటాను. ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ఉదయం నడకకు గోస్తనీ నది ఒడ్డు వెంట ఎగువకు వెళ్లే అలవాటు వల్ల అక్కడ జమ్ము, తుంగ దట్టంగా పెరిగిన ఒక చిత్తడి నేల నాకు బాగా పరిచయమైంది. మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, తెరుచుకుని ఉన్న రోజుల్లో సముద్రపు పోటు అక్కడి దాకా వస్తుంది. రోజుకు రెండుసార్లు నీరు పొదల్లోకి ఎక్కి మళ్లీ దిగిపోతుంది. అయితే వానలు పడినప్పటి నుంచి సంక్రాంతి దాకా ఆ నీరు నోట పోసుకుంటే చప్పగానే ఉంటుంది, ఏప్రిల్ వచ్చేసరికి మాత్రం నాలుకకు ఉప్పు తగులుతుంది.

రెండేళ్ల క్రితం ఉగాది వెళ్లిన వారంలో, ఇంట్లో గచ్చు వేయగా మిగిలిన నునుపు పలకలు మూడు తీసుకువెళ్లి, ఒండ్రు ఎంత పేరుకుంటుందో చూద్దామని బురద మట్టానికి సమానంగా పరిచి వచ్చాను. మొదటిది కాలువ ఒడ్డున జమ్ము మొదళ్ల మధ్య, రెండోది అక్కడి నుంచి ముప్పై అడుగులు లోపలికి, మూడోది మళ్లీ ఒడ్డునే, మొదటి దానికి కొంత ఎగువన పెట్టాను. మొన్న వెళ్లి చూస్తే మొదటి పలక మీద బొటనవేలి మందాన గరుకు మట్టి, రెండో దాని మీద గోటి మందాన మెత్తటి నల్లని బురద ఉన్నాయి. మూడో పలక మాత్రం కడిగి ఆరబెట్టినట్టుగా శుభ్రంగా ఉంది.

ఒడ్డున ఎక్కువగా, లోపల తక్కువగా ఎందుకు పేరుకుంటుంది? ఒకే ఒడ్డున ఉన్న రెండు పలకలకు ఇంత తేడా ఏమిటి? అన్నిటికంటే ముఖ్యంగా, ఈ లెక్కన ఆ నేల నిజంగా పైకి లేస్తున్నట్టేనా? సముద్రమట్టం పెరుగుతోందని పత్రికల్లో చదువుతున్నాం కనుక, ఈ చివరి ప్రశ్న నన్ను ఎక్కువగా వేధిస్తోంది.

జవాబు: ఒండ్రు పొర

మాస్టారూ, నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర భూవిజ్ఞానం చదువుకున్నాను. మీ మొదటి రెండు పలకలు మేము తరగతిలో నేర్చుకున్న పాఠాన్ని అచ్చంగా చూపిస్తున్నాయి. మూడోది నాకు వెంటనే అంతుపట్టలేదు, దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడతాను.

మీరు భౌతిక శాస్త్రం చెప్పినవారు కనుక స్టోక్స్ సూత్రంతో మొదలుపెట్టవచ్చు. రేణువు మునిగే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 60 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్నని ఇసుక రేణువు నిశ్చలమైన నీటిలో సెకనుకు సుమారు 3 మిల్లీమీటర్లు దిగుతుంది, అంటే అర మీటరు లోతు నీటిలో మూడు నిమిషాల లోపే అడుగుకు చేరుతుంది. 2 మైక్రాన్ల బంకమట్టి రేణువు రోజంతా కలిపి 30 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా మాత్రమే దిగుతుంది. పోటు నిండి, పాటు (నీరు వెనక్కి తీయడం) అందుకునే లోపల నీరు కదలకుండా ఉండేది కొద్దిసేపే కనుక, ఆ వ్యవధిలో ఇసుక దిగగలదు గాని విడి బంకరేణువు దిగలేదు. కాలువలో వేగంగా వచ్చిన నీరు గట్టు దాటి జమ్ము కాడల మధ్యకు రాగానే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. బరువైన సరుకంతా అక్కడే దించేసి, మిగిలిన తేలిక మడ్డితో నీరు లోపలికి సాగుతుంది. మీ మొదటి పలక మీది గరుకు మట్టి ఆ బరువైన సరుకే. ఇలా ఏళ్ల తరబడి జరిగితే ఒడ్డు వెంట సన్నని గట్టు లేచి, లోపలి నేల దానికంటే పల్లంగా మిగిలిపోతుంది. పోటు చిత్తడి నేలల్లో లోతట్టు భాగం తరచుగా ఒడ్డు కంటే దిగువన ఉండటానికి కారణం ఇదే.

మరి రెండో పలక మీదికి ఆ మెత్తని బురద ఎలా చేరింది? బంకరేణువులు విడివిడిగా కాక, గుత్తులుగా అతుక్కుని దిగుతాయి. ఉప్పునీటిలో ఈ అతుకు సులభం, ఎందుకంటే రేణువుల మీది విద్యుదావేశాల వికర్షణను లవణాలు తగ్గిస్తాయి. మంచినీటిలో ఆ సాయం తక్కువ. అక్కడ సూక్ష్మజీవులు, నాచు స్రవించే జిగురు ఆ పని చేస్తుంది. అదీ కాక ఉప్పునీరు, మంచినీరు కలిసే చోటుకు దగ్గరగా ఎప్పుడూ కలకబారి ఉండే ఒక మండలం ఏర్పడుతుంది, అక్కడ తయారైన గుత్తులను పోటు ఎగువకు మోసుకువస్తుంది. లోతు తక్కువ ఉన్న మొగల్లో సాధారణంగా పోటు కొద్దిసేపట్లో ఉరవడిగా వస్తుంది, పాటు ఎక్కువసేపు నింపాదిగా తీస్తుంది. వచ్చేటప్పుడు తెచ్చినదంతా వెళ్లేటప్పుడు తీసుకుపోలేదు. అయితే నదికి వరద వచ్చినప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. పలక మీద పేరుకున్న మందం వేరు, నేల లేచిన ఎత్తు వేరు. పైన మట్టి పడుతున్నా కింద ఉన్న పాత మట్టి తన బరువుకు తానే అణిగి కుంగుతూ ఉంటుంది. దీనికి ఎదురు దిశలో పనిచేసేవి వేళ్లు. ఒక గ్రాము ఖనిజ మట్టి నేలలో ఆక్రమించే చోటు సుమారు అర ఘన సెంటీమీటరు మాత్రమే, అదే ఒక గ్రాము వేళ్లు, ఆకుల కుళ్లు దాదాపు 12 ఘన సెంటీమీటర్లను ఆక్రమిస్తాయి. అంటే బరువులో ఎంతో తక్కువగా ఉన్న సేంద్రియ పదార్థం ఎత్తులో చాలా పెద్ద వాటా తీసుకుంటుంది. మీ రెండో పలక దగ్గర పైన గోటి మందమే పడినా, కింద వేళ్ల వల్ల నేల అంతకు మించి లేచి ఉండవచ్చు. ఆ లేవడం పలకకు కనిపించదు, ఎందుకంటే పలక కూడా నేలతో పాటే లేస్తుంది. నిజానికి నునుపు పలక తన కింద వేళ్లను ఎదగనివ్వదు కనుక, మీరు కొలుస్తున్న చోటును కొలత సాధనమే కొంత మార్చేస్తోంది.

ఒక మాట చేర్చాలి. నేల పైకి లేచే కొద్దీ పోటు దాని మీద నిలిచే సమయం తగ్గుతుంది, దానితో పాటు పడే ఒండ్రూ తగ్గుతుంది. బెల్జియంలో షెల్ట్ నది పోటు గెంట్ నగరం దాకా, సముద్రం నుంచి దాదాపు 160 కిలోమీటర్లు, వెళుతుంది. అక్కడి మంచినీటి చిత్తడుల్లో కొత్తగా మొలిచిన పల్లపు నేలలు చకచకా లేచి, పెద్ద పోటు మట్టానికి దగ్గరయ్యాక నిదానించడం గమనించారు. ఆ తరువాత అవి సముద్రమట్టంతో పాటు మాత్రమే లేస్తాయి, అదీ నీటిలో మట్టి ఉన్నంత వరకే.

జవాబు: గాజువాక నుంచి మేరీలాండ్

మాస్టారు గారికి నమస్కారాలు. పుట్టి పెరిగింది గాజువాకలో, ఉద్యోగం మాత్రం అమెరికాలోని మేరీలాండ్‌లో. చెసపీక్ అఖాతంలో కలిసే నదుల ఎగువ భాగాల్లో పోటు మంచినీటి చిత్తడులు, అంటే పోటు ఎక్కి దిగుతున్నా నీరు చప్పగానే ఉండే చిత్తడులు, విస్తారంగా ఉన్నాయి. సెలవు దినాల్లో పటక్సెంట్ నది మీద జగ్ బే అనే చోటికి పడవలో వెళుతుంటాను కనుక, చూసినది చెబుతాను.

అక్కడ పల్లపు బురదల్లో పసుపు పూల కలువ, కాస్త మెరక మీద అడవి వరి పెరుగుతాయి. అడవి వరి ఏకవార్షికం. కలువ వేరు బతికే ఉన్నా పైన ఆకులు, కాడలు శరదృతువులో కుళ్లి మాయమవుతాయి. ఎండాకాలంలో మనిషి దూరలేనంత పచ్చగా ఉన్న చోటు డిసెంబరులో బట్టతలలా ఉంటుంది. ఎండాకాలమంతా ఆకుల నీడలో దిగిన బురదను, కాపలా తొలగిన ఆ నెలల్లో చిన్న అలలు, మంచుగడ్డల రాపిడి మళ్లీ లేపి కాలువలోకి తోస్తాయి. కాబట్టి అక్కడ ఒక వేసవి కొలతను చూసి ఏడాది లెక్క చెబితే తప్పవుతుంది. మీ మూడో పలక సంగతి చదవగానే నాకు ఆ శీతాకాలపు బురద గుర్తుకు వచ్చింది. ఆ పలక చుట్టూ మొక్కలు రెండేళ్లూ నిలిచే ఉన్నాయా?

మరో విషయం. ఇక్కడి చిత్తడుల్లో కొన్ని మనిషి చేతి వల్ల పెరిగినవి. వలస పాలన కాలంలో పొగాకు కోసం కొండవాలు అడవులు నరికేయడంతో పైమట్టి కొట్టుకువచ్చి నదీముఖాల్లో పేరుకుంది. గన్‌పౌడర్ నది మీద జోపా అనే ఊరు ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు, ఇప్పుడు అక్కడి రేవు ఒడ్డుకు దూరంగా నేల మధ్యలో పడి ఉంది. చిత్తడిలో గొట్టం దించి మట్టి స్తంభం తీసి చూస్తే, ఆ నరికివేత మొదలైన పొర దగ్గర రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క పుప్పొడి ఒక్కసారిగా పెరిగి కనిపిస్తుంది. దాన్ని తేదీ గుర్తుగా వాడతారు. మన బంజర్లలో వ్యాపించిన వయ్యారిభామ దానికి దగ్గరి బంధువే. అది 1950ల తరువాతే మన దేశమంతటా వ్యాపించింది కనుక, గోస్తనీ బురదలో దాని పుప్పొడి ఏ లోతులో మొదలవుతుందో ఎవరైనా వెతికితే బాగుంటుందని అనిపిస్తోంది.

జవాబు: నీటిపారుదల విశ్రాంత ఇంజనీరు

పై ఇద్దరూ చెప్పినది శాస్త్రం రీత్యా సరైనదే. అయితే అమెరికాలోని హడ్సన్ నదిలోనో షెల్ట్ నదిలోనో ఉన్నట్టు మన గోస్తనీలో పోటు మంచినీటి చిత్తడి ఉందని అనుకుంటే పొరపాటు పడతాము. అలాంటి చిత్తడికి రెండు షరతులు ఉన్నాయి. ఏడాది పొడవునా ఎగువ నుంచి మంచినీటి ప్రవాహం రావాలి, నది వాలు తక్కువై పోటు చాలా దూరం పైకి ఎక్కగలగాలి. హడ్సన్‌లో సముద్రం నుంచి 240 కిలోమీటర్లకు పైగా, ట్రాయ్ దగ్గరి ఆనకట్ట దాకా పోటు కనిపిస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి కొద్ది దూరంలోనే సముద్రంలో కలిసే గోస్తనీకి అంత అవకాశం లేదు. విశాఖ తీరంలో పౌర్ణమి, అమావాస్యల పోటుకు, పాటుకు మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు, అష్టమి రోజుల్లో దాదాపు అర మీటరు. అదీ మొగలోని ఇసుక తిన్నె దాటి లోపలికి వచ్చేసరికి ఇంకా తగ్గుతుంది.

అందుచేత మాస్టారు చూస్తున్న చోటుకు ఏడాదిలో మూడు రూపాలు ఉన్నాయని నా అభిప్రాయం. వానాకాలంలో అది పోటు మంచినీటి చిత్తడి. ఎండాకాలంలో మొగ తెరిచి ఉంటే ఉప్పుటేరు. తీరం వెంట నడిచే ఇసుక మొగను మూసివేస్తే పోటూ లేదు, పాటూ లేదు, అదొక మడుగు. మడుగుగా ఉన్న వారాల్లో నీరు కదలదు కనుక సన్నని బంకమట్టి కూడా తాపీగా దిగుతుంది, ఒడ్డుకూ లోపలికీ తేడా లేకుండా దిగుతుంది. రెండో పలక మీది మెత్తని బురదలో కొంత భాగం పోటు తెచ్చినది కాక, మొగ మూసుకున్న రోజుల్లో దిగినది అయి ఉండవచ్చు.

ఇంకొక స్థానిక విశేషం ఉంది. మన తీరంలో సముద్రమట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో తక్కువగా, అక్టోబరు, నవంబరు నెలల్లో ఎక్కువగా ఉంటుంది, తేడా కొన్ని పదుల సెంటీమీటర్లు. అంటే వానలకు ఖొండలైటు అనే రాతితో ఏర్పడిన ఇక్కడి కొండల ఎర్రమట్టి నదిలోకి దిగే కాలమూ, సముద్రం ఉబికి ఆ నీటిని చిత్తడి మీదికి నెట్టే కాలమూ కలిసివస్తున్నాయి. తుపానులు కూడా అప్పుడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కురిసిన వానకు గెడ్డలన్నీ ఎర్రగా పారడం ఇక్కడి వారికి గుర్తుండే ఉంటుంది. రెండేళ్ల సగటు కంటే అటువంటి ఒక్క వారం ఎక్కువ మట్టి వేసిపోవచ్చు. పలకల మీది మట్టిని నిలువుగా కోసి చూస్తే ఎర్రని చారలు కనిపిస్తాయేమో మాస్టారు పరిశీలించాలి.

మట్టి రాక గురించి కూడా ఒక మాట. గోస్తనీ మీద తాటిపూడి జలాశయం 1960ల నుంచి ఉంది, విశాఖ నగరానికి తాగునీరు ఇస్తోంది. కొండల నుంచి వచ్చే ముతక మట్టిలో అధిక భాగం అక్కడే ఆగిపోతుంది. మొగకు చేరేది ప్రధానంగా జలాశయానికి దిగువన ఉన్న పొలాలు, గట్లు, వాగుల నుంచి వచ్చినదే. పెద్ద నదుల్లో ఈ ప్రభావం లెక్కలకు స్పష్టంగా అందింది. గోదావరి పోలవరం దగ్గర మోసే ఒండ్రు 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు ఉండగా, 1990లలో 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. నేను ఉద్యోగంలో ఉండగా జలాశయంలో పూడికను నష్టంగా లెక్క కట్టేవాళ్లం గాని, ఆ పూడిక చేరవలసిన చోటు ఒకటి దిగువన ఉందని ఏనాడూ లెక్క రాయలేదు.

విశాఖ ఓడరేవు లోపలి భాగమే ఇటువంటి ఉప్పుటేటి చిత్తడిని తవ్వి చేసినది. 1933లో ఓడలకు తెరిచారు, నాటి నుంచి నేటి దాకా తవ్వకం ఆగలేదు. పల్లం కనిపిస్తే ఒండ్రు వదలదు.

భీమిలి మాస్టారు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. మేరీలాండ్ నుంచి అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడానికి నిన్న మళ్లీ వెళ్లాను. మూడో పలక పెట్టిన చోట ఇప్పుడు మొక్కలు లేవు. పక్కనే గేదెలను మేపుతున్న పెద్దాయనను అడిగితే, చాపలు అల్లేవారు నిరుడు కార్తికంలో అక్కడి తుంగను మొదలంటా కోసుకుపోయారని, ఏటా ఆ వైపునే కోస్తారని చెప్పాడు. మీ ఊళ్లో చలి చేసే పని మా ఊళ్లో కొడవలి చేసిందన్నమాట. జమ్మును ఎవరూ కోయలేదు కనుక మొదటి పలక మట్టి నిలిచింది.

ఇంజనీరు గారు చెప్పినట్టు మొదటి పలక మీది మట్టిని చాకుతో కోసి చూశాను. కింది భాగంలో ఒక ఎర్రని పొర, దాని మీద బూడిదరంగు మట్టి, మళ్లీ పైన సన్నని ఎర్ర చార కనిపించాయి. ఏప్రిల్‌లో ఆ చోట కాలు వేస్తే కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది, వానాకాలంలో బుడగలు మాత్రమే వస్తాయి గాని వాసన ఉండదు. దీనికీ ఒండ్రుకూ సంబంధం ఉందా? నేల నిజంగా లేస్తోందో లేదో తెలుసుకోవడానికి పలక పనికిరాదంటే మరేం చేయాలి? పలకకు బదులు ముగ్గుపిండి చల్లితే సరిపోతుందా?

జవాబు: ఒండ్రు పొర

మాస్టారూ, వాసనకు ఒండ్రుకు సంబంధం ఉంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. ఉప్పునీరు చేరిన నెలల్లో గాలి ఆడని బురదలోని సూక్ష్మజీవులు ఆ సల్ఫేటుతో సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టి హైడ్రోజన్ సల్ఫైడు వదులుతాయి. సల్ఫేటు లేని మంచినీటి కాలంలో ఆ పని మీథేన్ తయారుచేసే జీవులకు మిగులుతుంది. మీరు చూసిన బుడగల్లో చాలా వరకు అదే, దానికి వాసన లేదు. ఉప్పునీటి నెలలు పెరిగితే మంచినీటికి అలవాటుపడిన తుంగ దెబ్బతిని వేళ్ల ఎదుగుదల తగ్గుతుంది, ఉన్న కుళ్లు కూడా కరిగిపోవచ్చు. లోపలి నేల ఎత్తులో పెద్ద వాటా వేళ్లదే అని చెప్పాను కదా, కాబట్టి పైన ఒండ్రు పడుతూనే నేల కుంగే అవకాశం ఉంది. నాలుకను నమ్మకండి, నీటి శుద్ధి యంత్రాలు అమ్మే దుకాణాల్లో దొరికే, నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు కొనుక్కోండి. లీటరుకు అర గ్రాము లోపు ఉప్పు ఉన్నంత వరకే దాన్ని మంచినీటి చిత్తడి అంటారు.

పలక బదులు శాస్త్రజ్ఞులు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు తెల్లని పొడిని గజం గజం చతురస్రంలో పలచగా చల్లి, కొంత కాలం తరువాత అక్కడ చిన్న మట్టి స్తంభం కోసి తెల్లని గీత మీద ఎంత మట్టి పడిందో కొలుస్తారు. వేళ్లకు, నీటికి అది అడ్డు కాదు. ముగ్గుపిండిలో సున్నపురాయి పొడి ఉంటే బురదలోని ఆమ్లానికి మెల్లగా కరిగే ప్రమాదం ఉంది. బియ్యపు పిండి అయితే మరీ నయం, మర్నాటికే పీతలు తినేస్తాయి. దొరకకపోతే మెత్తగా దంచి జల్లించిన ఎర్ర ఇటుక పొడి వాడవచ్చు గాని, మీ దగ్గర వరద మట్టి కూడా ఎర్రదే కనుక గీత కలిసిపోతుంది. పింగాణీ సామాను చేసేవారి దగ్గర ఫెల్డ్‌స్పార్ దొరుకుతుంది, అదే మేలు. పీతల బొరియలు ఉన్న చోటు మాత్రం వదిలేయండి, అవి పొరలను తిరగదోడుతాయి.

నేల ఎత్తుకు వేరే సాధనం కావాలి. ఇనుప కడ్డీని ఇక దిగనంత లోతుకు కొట్టి, దాని తలకు అడ్డంగా ఒక చేయి బిగించి, చేతికి ఉన్న తొమ్మిది సన్నని పుల్లలను నేల తాకే దాకా దించి వాటి ఎత్తు చదువుతారు. చేతిని నాలుగు దిక్కులకు తిప్పితే 36 కొలతలు వస్తాయి. కడ్డీ కింద గట్టి పొర మీద నిలబడి ఉంటుంది కనుక, పైన మట్టి పడటం, కింద కుంగడం, వేళ్లు ఉబకడం అన్నీ కలిసిన నికర ఫలితం అందులో తెలుస్తుంది. తెల్ల గీత మీది మందం నుంచి ఈ నికర ఎత్తును తీసివేస్తే కింద ఎంత అణిగిందో వస్తుంది. మీరు ఇంటి దగ్గర ఒక జీఐ పైపు, దాని మీద రసమట్టంతో సరిచూసిన అల్యూమినియం పట్టీ, సైకిల్ చువ్వలతో దీన్ని చేసుకోవచ్చు. ప్రపంచ సగటు సముద్రమట్టం 1993 నుంచి ఏడాదికి 3 మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువగా పెరుగుతూ వచ్చింది. మీరు పోల్చవలసిన కొలత అంత సన్ననిది కనుక, బురదలో మీ అడుగు పడి నేల అణగకుండా నిలబడటానికి ముందే ఒక చెక్క పలకను దిమ్మెల మీద వేసుకోండి.

ఒకటి తుంగ కోసే వైపు, ఒకటి కోయని వైపు, ఒకటి లోపల పెట్టండి. ఏటా అదే నెలలో, వీలైతే ఫిబ్రవరిలో, నీరు బాగా తీసే అమావాస్య పాటు వేళ చదవండి.

భీమిలి మాస్టారు

పైపు ఇరవై అడుగులది సరిపోతుందా, ఇంకా పొడుగు కావాలా? ఇక్కడ బురద ఎంత లోతు ఉందో వెదురు గడతో చూశాను. పన్నెండు అడుగులు సులభంగా దిగింది, ఆ తరువాత కర్ర వంగింది.

జవాబు: నీటిపారుదల విశ్రాంత ఇంజనీరు

వెదురు వంగితే గట్టి పొర తగిలినట్టు కాదు మాస్టారూ, ఒరిపిడి వల్ల కూడా ఆగుతుంది. ఇరవై అడుగుల పైపులు రెండు, వాటిని కలపడానికి కప్లింగులు సిద్ధంగా ఉంచుకుని, సుత్తి దెబ్బకు కదలనంత వరకు దించండి. మిగిలిన ముక్కను పైన కోసేయవచ్చు. నేను మధురవాడలోనే ఉంటాను, అమావాస్యకు ముందు రోజు కబురు చేస్తే సుత్తి, రసమట్టం తీసుకుని వస్తాను.